పదిహేడు కిలోల మూడువందలు

మా దుకాణం దూలానికి ఒక కొక్కెపు త్రాసు వేలాడుతుంది.
బండిని తగిలించి అంకె చదువుతాను.
ఈ గదిలో అబద్ధమాడనిది అదొక్కటే,
కరపత్రాలూ నేనూ కాస్త అటూ ఇటూ.

మడ్లైనా మే నెలాఖరున వచ్చింది,
కనుమ మీద మంచు ఇంకా చారలు చారలుగా ఉండగా.
అరవై మూడేళ్ళు. కుడి మోకాలు కొత్తది,
పాతదానికంటే మొండిది.
నలభై వేసవులు ఎగువ పచ్చికల్లో పాలు కాచి
చీజ్ చక్రాలు తీసిన మనిషి.
"నాతోపాటు కొండెక్కే బండి కావాలి దురీ,
నన్ను మోసుకెళ్ళేది కాదు."

అలవాటైన పాఠం మొదలుపెట్టాను:
ఇదిగో, ఎనభై అయిదు న్యూటన్ మీటర్లు,
గోడలాంటి ఎత్తునైనా గుటకేస్తుంది,
బరువు ఇరవై నాలుగు కిలోలు.
అదిగో, యాభై. బ్యాటరీ దాంట్లో సగం.
పదిహేడు కిలోల మూడువందలు.
పిట్ట కొంచెం, అని మాత్రం అన్నాను,
మిగతా సగం సామెత మింగేసి.
(పెద్దదాని మీద నాకు లాభం ఎక్కువ.)

ఆమె వినలేదు.
చక్రం గాల్లో తిప్పించి
మోటారు డొక్కకు చెవి ఆనించింది,
వేలి కణుపుతో తట్టింది కూడా.
చీజ్ చక్రాన్ని చిన్న సుత్తితో తట్టి
లోపలి బోలు కనిపెట్టే చెవి అది.
నవ్వు ఆపుకోవడానికి గొలుసుకు నూనె వేశాను.

మొదట పెద్దదాన్ని తీసుకెళ్ళింది.
పంతొమ్మిది నిమిషాల్లో తిరిగొచ్చింది, చెమట లేదు.
"బస్సెక్కినట్టుంది" అంది.
"ఆవుల కంచె దగ్గర నేను తొక్కడం ఆపాను,
అది ఆపలేదు.
ఇంకో మూరెడు తోసింది.
లోయ వైపు ఆ మూరెడు ఎవరిదనుకున్నావ్?"

చిన్నదానికి నేనూ వెంట వెళ్ళాను.
లార్చి చెట్ల మధ్య మూడో మలుపు దాకా
మా మాటలు మాకు వినపడ్డాయి.
మర్మాట్ ఈల వేస్తే
ఏ రాయి వెనకో చెప్పేసింది.
ఆ పైన వేర్ల మెట్లు.
ఈ మోటారుకి కాళ్ళు చురుగ్గా తిరగాలి,
నెమ్మదిస్తే అదీ గొణిగి ఊరుకుంటుంది.
కొత్త మోకాలు నెమ్మదించింది.
ఆమె ఒక కాలు నేలకానించి దిగిపోయింది.

పోయింది బేరం, అనుకున్నాను.
ఒగరుస్తూ నిలబడి,
చేతులు స్కర్టుకు తుడుచుకుని,
బండిని భుజానికెత్తుకుని
కంచె దాటించి
అవతల గడ్డిలో పడుకోబెట్టింది,
పుట్టిన దూడను పక్కకు జరిపినట్టు.
"ఇరవై నాలుగైతే?" అంది.
నేను లోయకేసి చూశాను.

డబ్బు సగం నోట్లు, సగం రెండేళ్ళు మాగిన చక్రం ఒకటి.
నా త్రాసు దాన్నీ తూచింది, ఆరుకిలోలకు కాస్త తక్కువ.
పైన గుడిసెలో ఇప్పుడు పాలు కాచేది ఉర్సీనా అని
ఇరవై ఆరేళ్ళ పిల్ల.
"అడక్కపోయినా వెళ్ళి తప్పులు పడతాను" అంది,
"వారానికి రెండుసార్లు. అంతకు సరిపోతుందా చార్జి?"
ఎక్కడానికి సరిపోతుంది, పొదుపుగా తొక్కితే.
దిగేటప్పుడు పనంతా నీ చేతులదే, అన్నాను.

సెప్టెంబరులో ఫోను.
గుడిసెకు ఇంకా రెండువందల మీటర్ల ఎత్తు ఉండగా
బ్యాటరీ చచ్చిపోయిందట.
తిట్లకు సిద్ధపడ్డాను.
"విను" అంది, ఫోను బండి దగ్గర పెట్టినట్టుంది.
గొలుసు టిక్కుటిక్కు, గులకరాళ్ళు,
ఎక్కడో గంటలు,
అన్నిటికంటే దగ్గరగా ఆమె ఊపిరి.

చాలాసేపు విన్నాను.

"అది సరే గానీ" అంది చివరికి,
"చార్జరు నీ బల్ల మీదే మర్చిపోయానా, చూడు."