ముప్ఫై ఒకటో గడి

సెకొండీ రేవులో
గాలికి ఇంకా చేపల వాసన పట్టకముందే
మా అమ్మ అరబా కెంకే కుండ దించేది.
పులిసిన మొక్కజొన్న ముద్దలు, అరటాకు చుట్టు.
మూత తీస్తే వీధి మలుపు దాకా ఆవిరి.

పదిన్నరకి సుసు బెంట్సిల్ వచ్చేవాడు.
అరిగిన చెప్పులు, చంకలో తోలుసంచి,
చెవి మీద నీలం పెన్ను.
అమ్మ నడుము దగ్గర గుడ్డముడి విప్పి
అయిదు సెడీలు ఇచ్చేది.
ఆయన అట్ట మీద ఒక గడిలో ఒక గీత గీసేవాడు.
అంతే. కెంకే కూడా తినకుండా
పక్క బల్ల దగ్గరికి.

అట్టకి ముప్ఫై ఒక్క గడులు.
ఫిబ్రవరిలోనూ ముప్ఫై ఒకటే.
"నెల పొట్టిదైతే నా దారి పొట్టిదవుతుందా?" అనేవాడు.
అందులో మొదటి గడి ఆయన కూలి.
మిగతా ముప్ఫై మావి.

నేను అప్పుడే బళ్ళో బారువడ్డీ నేర్చుకుంటున్నాను.
"బ్యాంకులో వేస్తే వాళ్ళే మనకి ఎదురిస్తారు,
ఈయనకి మనం ఇచ్చి మరీ దాచుకోవడమేంటమ్మా?"
అమ్మ ఆకు మడుస్తూనే ఉంది.
చాలాసేపటికి, నాతో కాదు, కుండతో అన్నట్టు:
"ఇంట్లో డబ్బుకి నా గొంతు తెలుసు.
పిలిస్తే వచ్చేస్తుంది."

నిజమే, ఇంట్లో డబ్బుకి ఎన్ని చెవులో.
క్వామెనా బాబాయి గుమ్మంలో దగ్గితే లేచేది.
నాన్న వలతాడు తెగితే లేచేది.
ఎవరింట్లోనో చావు; చందా బల్ల మీద
ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతారు,
తక్కువిస్తే అది ఇంకా గట్టిగా చదువుతారు.
సంచిలో ఉన్నదైతే
"నెలాఖరుకి రండి" అనొచ్చు,
కళ్ళు దించుకోకుండా.
నెలకి అయిదు సెడీలు పోసి
మా అమ్మ కొనుక్కున్నది అదే:
అబద్ధం కాని ఒక "లేదు".

జులైలో వేట ఆపేశారు.
పడవలు ఇసక మీద పక్కకి ఒరిగి పడుకున్నాయి.
నాన్న పగలంతా ఇంట్లోనే,
చిరగని వల కూడా విప్పి కుడుతూ.
సరిగ్గా అప్పుడే, పంతొమ్మిది గడులు నిండాక,
బెంట్సిల్ రావడం మానేశాడు.

ఒక రోజు. రెండు రోజులు.
పొగచేపల మాన్సా అంది, అబిజాన్ పారిపోయాడని.
ఇంకెవరో, లాటరీ తగిలిందని.
అమ్మ ఏమీ అనలేదు.
రోజూ అయిదు పాలడబ్బాలో వేసి
దాని మీద రుబ్బురాయి పెట్టింది.

అయిదో రాత్రి నేను లెక్కపెట్టాను.
ఇరవై అయిదు ఉండాలి, పదిహేను ఉన్నాయి.
నేను నాన్న వైపు చూశాను.
నాన్న సూది వైపు చూశాడు.
"మీ నాన్న కాదే, నేనే," అంది అమ్మ,
"ఒకసారి నూనెకి. ఒకసారి... గుర్తు లేదు."
నవ్వింది. "చూశావా, నా గొంతు గుర్తుపట్టింది."

ఆరో రోజు పదిన్నరకి
అదే సంచి, అదే నీలం పెన్ను,
మోసుకొచ్చింది మాత్రం ఆయన భార్య ఎఫ్రిబా.
బరువైన మనిషి, బల్ల పట్టుకుని ఆయాసం తీర్చుకుంది.
ఆయన పాదానికి పుండట, చెప్పు పట్టడం లేదట.
పుస్తకం తెరిచింది.
మా పేరు ఉంది. పంతొమ్మిదీ ఉన్నాయి.
అమ్మ డబ్బాలోవి పదిహేను, ముడిలోవి అయిదు పెట్టింది.
ఎఫ్రిబాకి గీత గీయడం రాదు;
నాలుగు గడుల్లో నాలుగు ఇంటూ మార్కులు,
కోడి నడిచినట్టు.

అట్ట నిండిన రోజు నూట యాభై వచ్చాయి.
బడి ఫీజు నూట ఇరవై. మిగతాది దేనికో నాకు చెప్పలేదు.
కొత్త అట్ట చేతిలోకి తీసుకుని అడిగాను,
"ఇందులో మొదటి గడి ఎవరిది? ఆయనదా, ఆవిడదా?"
"ఎవరు నడిస్తే వాళ్ళది," అంది అమ్మ.
"ఆకు అందుకో, నీళ్ళు మరిగిపోతున్నాయి."