తుమ్మచెట్టుకు కంచె

పామూరు రోడ్డు మీద, కనిగిరి దాటి నాలుగు మైళ్ళు.
మాల్యాద్రి ప్రొక్లైన్ దించకముందే
ఎనిమిది సరుగుడు బాదులు పాతాను,
యూరియా సంచుల దారం పేని చుట్టాను
ఒక నల్లతుమ్మ చుట్టూ.

బ్రహ్మారెడ్డి కారు దిగి నవ్వాడు.
"ముళ్ళచెట్టుకు కంచేందయ్యా,
కంచెకు గదా ముళ్ళచెట్టు?"
నిజమే.
మా నాయన శనగచేనికి ఈ కంపే అడ్డం లాగేవాడు.
ఎన్ని డెక్కల్ని ఆపిందో ఈ చెట్టు,
తన మీదికొచ్చే చక్రాన్ని మాత్రం ఆపుకోలేదు.

దీనికి పసుపు లేదు, బొట్టు లేదు.
దారి తప్పిన దేవత కూడా దీని కింద కూర్చోదు.
ముప్పైమూడడుగుల రోడ్డుకూ
నలభైఒకటో ప్లాటుకూ నడుమ
ప్లాను తెల్లగా ఉన్నచోట
నిలబడి ఉంది.
మస్తానమ్మ మేకలకు మాత్రం తెలుసు
ఇది ఏ నెలలో
గొలుసుల్లాంటి కాయలు రాలుస్తుందో.

పొదిలి వెంచరు సంగతి చెప్తాను.
అక్కడ వేపచెట్టును కాపాడాం.
అట్లా అనుకున్నాం.
బ్రోచరు అట్ట మీద దాని బొమ్మ,
చుట్టూ గుండ్రటి అరుగు,
ప్రారంభం రోజు మైకులో దాని వయసు చెప్పి
చప్పట్లు కొట్టించారు.
గొడ్డలి తగల్లేదు. కొమ్మ విరగలేదు.
లెవెలు కోసం మొదట్లో రెండడుగుల గ్రావెల్ పోయించింది నేనే.
నీడ ఉంది గదా అని
సిమెంటు బాండ్లీలు అక్కడే కడిగాం,
ఇసుక ట్రాక్టర్లు అక్కడే తిప్పుకున్నాం.
నీళ్ళ పైపుకు పడమటి వైపు కాలవ తవ్వుతుంటే
పారకు అడ్డంపడ్డ బొటనవేలంత వేళ్ళను
పీచులే గదా అని కొట్టేశాం.

ఆ ఏడు చిగురేసింది.
మరుసటేడు సగం వేసింది, తూర్పున.
మూడో ఎండాకాలం
అరుగు మీద కూర్చున్న ఒకాయన తల పైకెత్తి
"నీడ వెలిసిపోయిందేందబ్బా" అన్నాడు,
చొక్కా సంగతి అన్నట్టు.
నరికితే కూలిన చప్పుడన్నా ఉంటుంది.
ఊపిరాడని చెట్టు నిలబడే చస్తుంది.
చచ్చిన సంగతి తెలియక
దసరాకు దానికి రంగు బల్బులు కట్టాం.

అప్పట్నించి నాకు చెట్టంటే మాను కాదు.
మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడ ఆగుతుందో చూసి
అక్కడి నుంచి ఇంకో నాలుగంగలు వేసి
పాతుతాను మొదటి బాదు.
ఆ లోపల, జానెడు మన్ను కింద
లెక్కలేనన్ని చిన్న నోళ్ళు.
మన పళ్ళకు గారపట్టించిన నీళ్ళే తాగి
ఆ పసుపును పువ్వుల్లోకి పంపుకున్న నోళ్ళు.

"నాలుగున్నర సెంట్లు
గాలికి రాసిస్తన్నావు" అన్నాడు బ్రహ్మారెడ్డి.
నేను పొదిలి పేరెత్తాను.
వద్దనలేదు. సరేననలేదు.
ఒంగోలుకు ఫోన్ చేసి
రోడ్డు ఎంత జరుగుతుందని
ఎవరినో తిడుతూ కారెక్కాడు.

మాల్యాద్రి బకెట్టును గాల్లోనే ఆపి అడిగాడు:
"అన్నా, ఈ దారం తెగితే?"
ఆ ఇనప గోరు ముందు దారం ఎంత.
"తెగితే కట్టు" అన్నాను.
"మరి నా మేకలో?" అంది మస్తానమ్మ.
మేక బరువెంత, మేక డెక్కెంత.
దారం ఎత్తి పట్టుకున్నాను,
ఒక్కొక్కటే తల వంచి లోపలికి పోయాయి.

ఎనిమిదో బాదు దగ్గర
చెప్పు చీల్చుకుని దిగింది ముల్లు,
ఇన్ని కాళ్ళుండగా నా కాల్లోనే.
నేనెవరో దానికేం తెలుసు.
ఆ కొమ్మకే ఇంకో ముల్లు విరిచి
ఆ నీడలోనే కూర్చుని
తీసుకుంటున్నాను.
మేకలు చూస్తున్నాయి.
అవతల ప్రొక్లైన్ పని మొదలెట్టింది.