లారీలు రాని వారం

కాటన్‌పేట సందులో మా బోర్డు.
రాసేది కన్నడ పెయింటరు,
ప్రతిసారీ తెలుగులో 'మీల్స్' కాస్తా 'మిల్స్' అయి వస్తుంది.
మొదట తిన్నది మిల్లు వాళ్ళే కదా అని
నాన్న ఎప్పుడూ దిద్దించలేదు.

తాత పేరు మాలకొండయ్య.
కందుకూరు నుంచి రైలు దిగినప్పుడు
ఒక గుండిగ, రెండు గరిటెలు,
వాళ్ళమ్మ మూటగట్టిన కందిపొడి.
చేబదులు ఎంతో ఎవరూ చెప్పరు,
ఎవరి దగ్గరో అసలే చెప్పరు.

షిఫ్టు దిగిన వాళ్ళూ
ఆఖరి బస్సు తప్పిపోయిన వాళ్ళూ
ఆకు ముందు కూర్చుని
నీళ్ళు, నీళ్ళు అని చేతులూపి,
కళ్ళు తుడుచుకుంటూ లేచిపోయి
మర్నాడు మళ్ళీ అదే బల్ల దగ్గర.

ఆ తర్వాత ఒక ఎండాకాలం
లారీలు ఆగిపోయాయి.
గుంటూరు మిరపకాయలు గుంటూరులోనే ఉండిపోయాయి.
డబ్బా బోర్లిస్తే గింజలు రాలాయి, అంతే.
వంటాయన మునియప్పది మాలూరు.
తెల్లారకముందే మార్కెట్‌కి పోయి
బుట్టెడు పచ్చిమిరపకాయలు తెచ్చి
తాతకి చెప్పకుండా రోట్లో వేశాడు.
కొత్తిమీర ఎక్కువైంది.
కరివేపాకు మాడింది.
కోడి ఆకుపచ్చగా దిగింది.

తాత తిట్టాడట, కందుకూరు తిట్లు ఒక్కటీ మిగల్చకుండా.
మునియప్ప కన్నడంలో నవ్వాడట.
పదకొండింటికి ఆకులు పరిచారు.
పన్నెండున్నరకి గుండిగ కడిగారు.

లారీలు తిరిగొచ్చాయి.
ఆకుపచ్చ కోడి మాత్రం వెనక్కి పోలేదు.

ఇప్పుడు గల్లా పెట్టె దగ్గర నేను.
అరిటాకు ధర నాన్న ఇచ్చిన జీతాల కంటే ఎక్కువ.
ఎదుటి కొట్టులో నూడుల్స్,
పక్క కొట్టులో తాళం,
సందు చివర తవ్వకం.
మొన్న ఒకాయన వచ్చాడు,
గొంతులో అచ్చం తాత యాస.
రెండు ముద్దలు తిని నా వైపు తిరిగాడు:
"ఏందమ్మాయ్ ఇది?
మన కాడ ఇట్టాంటి కూర యాడా ఉండదే!"

బోర్డు మీద ఆంధ్రా అని ఉంది.
నాకేమీ తోచలేదు.
నలభై ఏళ్ళుగా నెయ్యి వడ్డిస్తున్న పెంచలయ్య
గిన్నె వంచుతూ అన్నాడు:
"ఉండదయ్యా. అందుకేగా
బస్సెక్కి ఇందాకా రావాల్సొచ్చింది."
ఆయన మారు వడ్డించుకున్నాడు.
పోతూ పార్సిల్ కట్టించుకున్నాడు.

చెప్పకూడదు గానీ,
పోయినేడు పెళ్ళికని కందుకూరు వెళ్ళాను.
బస్టాండు ఎదుట కొత్త హోటల్,
గోడ మీద పచ్చ రంగుతో
'బెంగళూరు కోడివేపుడు, మా స్పెషల్'.
ఊరికి నేను కొత్త, కూరకి కాదు.
వేలితో తాకి చూశాను.
కరివేపాకు నవనవలాడుతోంది.
మనది కాదు, అనుకున్నాను.
అనుకుని, ఆ మాట ఇంతకుముందు
ఎవరి నోట విన్నానా అని వెతుక్కున్నాను.

హోటల్లో తాత ఫొటోకి రోజూ మల్లెదండ.
మునియప్పకి ఫొటో లేదు.
ఒక దీపావళికి తీయిద్దామనుకున్నారట,
ఆ రోజు రద్దీ ఎక్కువైందట.
బిల్లు పుస్తకంలో పేరు లేదు,
మాలూరులో వాళ్ళ వాళ్ళు ఎవరో మాకు తెలీదు.
ఒక పక్క అరిగిన రోలు ఉంది, వాడం, అమ్మం.

కొత్తగా చేరిన కుర్రాడు
కరివేపాకు నూనెలో వేసి గబుక్కున తీయబోతాడు.
ఉండు, అంటాను.
ఇంకాసేపు ఉండు.
మాడనీ.