ఇతరములు

పొద్దున ఆరింటికి మెహదీపట్నం రైతుబజార్ ముందు
ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను.
ఒళ్ళో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పు కింద గళ్ళ కాగితం.
నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా.
రెండేళ్ళ పీజీ చదువు
ఈ గీతతోనే మొదలవుతుందని
అడ్మిషన్ రోజు ఎవరూ చెప్పలేదు.

కారు అంటే ఒకటి.
మా శాస్త్రంలో అదే శేరు, అదే సోల,
తక్కిన లోకాన్నంతా దానితోనే కొలుస్తాం.
బైకు అర. ఆటో ఒకటీ చిల్లర.
బస్సు మూడు.
ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళతో కలిపి ఎనభై మంది ఉన్నా మూడే,
డిపోకి ఖాళీగా పోతున్నా మూడే.
నడిచే మనిషికి ఈ కాగితంలో గడి లేదు.
వేరే ఫారం ఉంది దానికి,
జిరాక్స్ తీయించడం మరిచిపోయాం.

ఏడున్నరకి అరటిపళ్ళ బండి తోసుకుంటూ ఒకాయన వచ్చి
అట్ట మీదికి వంగి చూశాడు.
"నన్నేం రాసినవమ్మా?"
చివరి గడి చూపించాను: ఇతరములు.
"నా బండికి నాలుగు చక్రాలున్నయి.
గా కారుకెన్నున్నయి?"
గీత కొంచెం గట్టిగా గీశాను.
పెన్సిల్ ములుకు విరిగింది.

బుధవారం బోరబండలో ఇంటింటి సర్వే.
ఎక్కడి నుంచి? ఎక్కడికి? ఏ పని మీద?
ఒక్కో ప్రశ్నకి ఒక్క జవాబు పట్టే చోటు.
మల్లవ్వ గడప మీద కూర్చుని చెప్పుకుంటూ పోయింది:
"మనుమరాలిని అంగన్‌వాడీల దించుత,
మాదాపూర్‌ల మూడిండ్లు, ఆడికెల్లి హాస్టల్ అంట్లు,
మల్లొచ్చేటప్పుడు మందుల దుకాణం,
కోడలు నీళ్ళోసుకున్నది గదా, దవాఖానకు ఓపాలి,
బస్సు ఫ్రీనే బిడ్డా, ఆపితే గద."
నేను రాసుకున్నది: బోరబండ. మాదాపూర్. ఉద్యోగం.
తక్కిన ఆమె రోజంతా
కోడ్ల పట్టికలో తొమ్మిదో నంబరు.
తొమ్మిది అంటే మళ్ళీ అదే మాట.

ల్యాబ్‌లో ఏసీ చల్లగా ఉంటుంది.
తెర మీద హైదరాబాద్ నూటయాభై ముక్కలు,
ఒక్కో ముక్కకీ నడిమధ్యన ఒక చుక్క.
జనమంతా ఆ చుక్కలోనే పుట్టి
ఇంకో చుక్కలో మాయమవుతారు.
బోరబండ చుక్క సరిగ్గా పోయి నాలాలో పడింది.
జెరెమయ్య కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు.
వాళ్ళ ఇల్లు ఆ నాలా ఒడ్డునే అని
నాకు తర్వాత తెలిసింది.

రివ్యూలో వసుమతి మేడం కళ్ళద్దాలు పైకి నెట్టుకుని,
"ఈ తొమ్మిదులేంటి ఇన్ని?
నూటికి ముప్పై ఎనిమిది! డేటా శుభ్రం చేయలేదా?"
చేశాను మేడం అనబోయి
చేయలేదు మేడం అన్నాను.
ఆవిడ కాసేపు కిటికీలోంచి ఫ్లైఓవర్ వంక చూసింది.
"నా పీహెచ్‌డీలో నేను తీసేశాను" అంది.
"పద, చాయ్ తాగొద్దాం."

నిన్న సాయంత్రం మాసబ్‌ట్యాంక్ దగ్గర రోడ్డు దాటాలి.
సిగ్నల్ స్తంభం మీద నడిచే మనిషి బొమ్మ
ఆకుపచ్చగా వెలిగి ఎన్నాళ్ళయిందో.
పుస్తకం ప్రకారం మనిషి నడక
సెకనుకి మీటరూ ఇరవై సెంటీమీటర్లు.
నా పక్కన ఒక ముసలాయన, చంకలో ఎక్స్‌రే కవరు.
ఆయన ఆ పుస్తకం చదివినట్టు లేదు.
చెయ్యి చాపాడు,
అరచెయ్యి కిందికి వంచి
చంటిపిల్లని జోకొట్టినట్టు గాలిలో రెండుసార్లు.
127కె నిలబడింది.
దాని వెనక కార్లు, వాటి సందుల్లోంచి
అర, అర, అర, హారన్లు కొడుతూ.
ఆయన మోచేతి వెనకాలే నేనూ.
అలవాటుకొద్దీ సెకన్లు లెక్కపెడుతూ నడిచాను,
డివైడర్ దగ్గర ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు,
పద్దెనిమిది దాకా వచ్చి
మరిచిపోయాను.