హాజరు పట్టీలో పన్నెండో పేరు

మార్చి నెల, పొద్దున్న ఎనిమిదిన్నర.
వసారాలో పదకొండు జతల బూట్లు,
ఇరవై ఒక్క చేతితొడుగులు.
ఇరవై రెండోది ఎక్కడుందో వెతకడమే
ఇవాళ్టి మొదటి లెక్క.

ఫిన్లాండ్‌లో, ఈ సరస్సు ఒడ్డున,
చదువంటే ముందు తొడుక్కోవడం.
ఉన్ని చొక్కా, దాని మీద ఇంకో ఉన్ని చొక్కా,
దాని మీద దూది కూరిన అంగీ.
కుడికాలేదో ఎడమకాలేదో
బూటు కరిచి చెబుతుంది.
అంతా అయ్యి, జిప్పు గడ్డందాకా లాగాక
తూలియా అంటుంది: "టీచర్, ఒంటికి వస్తోంది."
మళ్ళీ మొదటికి.

బయట పలక పెద్దది.
కర్రతో రాస్తాం, చెరపక్కర్లేదు,
రాత్రి కురిసే మంచే తుడిచి పెడుతుంది.
ఆమోస్ తన పేరు రాయడం మొదలుపెట్టి
ఆఖరి అక్షరం దగ్గర పొదలో కూరుకుపోయాడు.

ఆ సోమవారమే దొరికింది
చేపల వాళ్ళు తవ్విన కన్నం పక్కన ఒక గడ్డ,
బెల్లపు అచ్చంత,
లోపల ఒక బుడగ, ఒక భూర్జ ఆకు.
మీసాల్లో మంచు కట్టే బస్సు డ్రైవరు పేరే
దానికీ పెట్టారు: రైమో.

జంట అద్దాల కిటికీ సందులో గిన్నెలో కూర్చోబెట్టాం.
ఇదిల్ పక్కనే ఒక చెంచా జావ పెట్టింది,
కొత్తవాళ్ళు ఆకలని చెప్పరట.

మర్నాడు పేర్లు పిలిచి పట్టీ మూయబోతే
"రైమోని పిలవలేదు."
పెన్సిల్‌తో రాశాను, పన్నెండో గడిలో.
"రైమో?"
పదకొండు గొంతులు: "ఉన్నాడు!"

రోజూ కొలిచాం.
మంగళవారం ఏడు వేళ్ళు,
బుధవారం అయిదున్నర,
అర అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.
గురువారం ఎండ కాసింది. అందరూ సంబరపడ్డారు,
తర్వాత కిటికీ వైపు చూశారు.

శుక్రవారం గిన్నెలో నీళ్ళు, నీళ్ళ మీద ఆకు.
"పోయాడు," అంది హిల్యా.
"పడుకున్నాడు," అన్నాడు ఆమోస్.
"మెత్తబడ్డాడు," అంది ఇదిల్.
ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది,
పెన్సిల్ కొరుకుతూ నిలబడ్డాను.
చేతులెత్తమన్నాను.
ఉన్నాడని ఎనిమిది, లేడని నాలుగు.
ఉన్నది పదకొండు మందే కదా?
హిల్యా రెండు చేతులూ ఎత్తింది.
మళ్ళీ లెక్కపెట్టాం.

సోమవారం గిన్నె ఖాళీ.
అడుక్కి అంటుకుని ఆకు.
"రైమో?"
ఎవరూ పలకలేదు.
హీటరు ఒక్కటే చిటచిటమంది.
చివరికి మూల నుంచి, సన్నగా, ఓయివా:
"ఉన్నాడు."
"ఎక్కడ్రా?"
చొక్కా పైకెత్తి పొట్ట చూపించాడు.
"దాహమేసింది."

ఏడుస్తారనుకున్నాను.
హిల్యా వెళ్ళి ఆ పొట్టకి చెవి ఆనించింది,
చాలాసేపు వింది.
"మాట్లాడుతున్నాడు," అని తేల్చింది.
ఆ తర్వాత వరసగా పది చెవులు.

పదకొండు గంటలకి బయట ఆట.
చెట్టు వెనక్కి వెళ్ళిన ఓయివా
ముఖం వేలాడేసుకుని వచ్చాడు.
"టీచర్, రైమో వెళ్ళిపోయాడు."

నవ్వకూడదు. నవ్వాను,
మఫ్లర్ అడ్డం పెట్టుకుని.
కానీ వాళ్ళు ఎవరూ నవ్వలేదు, ఛీ అనలేదు.
మంచులో ఆ చిన్న పసుపు గుంట చుట్టూ
పదకొండు టోపీలు వంగాయి.
ఇదిల్ చెయ్యి చాపి చూపించింది:
ఇక్కణ్ణించి పల్లం, పల్లం దిగితే కాలవ,
కాలవ దాటితే సరస్సు.
"ఇంటికే కదా," అంది.
నేను నేర్పలేదు ఆ పాఠం.
దానికి బొమ్మల చార్టు ఒకటి ఉంది మా బీరువాలో,
బాణం గుర్తులతో. ఇంకా విప్పలేదు.

నెలాఖరున మునిసిపాలిటీ నుంచి ఫోను:
"మీ పట్టీలో పేర్లు పన్నెండు, భోజనాలు పదకొండు.
ఏది సరైనది?"
ఆకుని జిగురుతో అంటించిన గడి వైపు చూశాను.
సరస్సు కరిగాక చెబుతానన్నాను.

ఇరవై రెండో చేతితొడుగు
ఇంకా దొరకలేదు.