బిగపట్టండి

మిషన్లో ఒక ఆడగొంతు ఉంది.
ఎవరో ఎప్పుడో ఏ ఊళ్లోనో రికార్డు చేసింది.
ఊపిరి పీల్చండి. బిగపట్టండి.
చాలాసేపటికి, వదలండి.
దానికి దగ్గు వినపడదు.

ఆ మే నెల, గుంటూరు కొత్తపేట సందులో,
ప్లాస్టిక్ కోటులో ఉడికిపోతూ
రోజుకు అరవై ఛాతీలు తీశాను.
ఇన్నయ్యది నలభై మూడోది.
కోటు మీద మార్కరుతో రాసుకున్న నా పేరు
కూడబలుక్కుని చదివాడు: షా... హీన్.

మిర్చి యార్డు హమాలీ. ఇరవయ్యారేళ్లు
తేజ టిక్కీలు మోసిన వీపు.
"మా యార్డులో దగ్గనోడెవడమ్మా,
ఘాటు గదా, ఇదీ అదే అనుకున్నా."
వేలి క్లిప్పు ఎనభై రెండు చూపిస్తుంటే
టీ దొరుకుద్దా అని అడిగాడు.
బిగపట్టండి, అంది మిషను.
రెండు సెకన్లు. మూడు.
బొమ్మ చెదిరింది. మళ్లీ తీశాను.

నల్లగా ఉండాల్సిన చోట
అన్నం గిన్నె మూత తీస్తే
కళ్లద్దాలకు పట్టే ఆవిరి.
రిపోర్టులో గరుకు అద్దం అంటారు.
స్నానాలగది కిటికీకి వేసేది,
వెలుతురు వస్తుంది, మనిషి కనపడడు.

నేను డాక్టర్ని కాను. బైపీసీ, ఆపైన డిప్లొమా.
నిద్ర పట్టని రాత్రులు
ఆ తెలుపు వెనక ఏముందో చదువుకున్నాను.

ఊపిరితిత్తి కొసన కోట్ల బుడగలు.
వాటి గోడల్లో ఒక కణం
పల్చగా పరుచుకుని గాలిని దాటిస్తుంది.
ఇంకోటి పొట్టిది, మూలన కూచునేది.
దాని పని సబ్బు చేయడం.
ఆ పూత ఉండబట్టే ఊపిరి వదిలాక
బుడగ తడి కవరులా అతుక్కుపోదు.
ఇంకో పనీ ఉంది దానికి.
పక్కనున్న పల్చనిది చచ్చిపోతే
తానే సాగి, పల్చబడి,
ఆ ఖాళీలో పడుకోవడం.

వైరస్ తలుపు పగలగొట్టలేదు.
రక్తపోటు పద్దు చూసుకోవడానికి
కణం బయటపెట్టుకున్న గడియ పట్టుకుని వచ్చింది.
ఎక్కువగా ఆ పొట్టిదాని ఇంటికే.
దాని పొయ్యి మీద, దాని పిండితోనే
తనలాంటివి వేలకు వేలు చేయించింది.
సబ్బు ఆగింది. ఇల్లు కూలింది.
అతుకు వేయాల్సిన చెయ్యే
ముందు పోయింది.

అప్పుడు కాపలావాళ్లు పరిగెత్తుకొచ్చారు.
ఒకడి కేకకు పదిమంది.
రక్తనాళాల గోడలు సడలి
నీళ్లు బుడగల్లోకి దిగాయి.
దొంగ పట్టుకుపోయిందెంత,
వెతకడానికొచ్చినవాళ్లు తొక్కిందెంత,
ఆ లెక్క నాకు ఏ పుస్తకంలోనూ సరిగ్గా దొరకలేదు.
లోపల చచ్చిన కణాల మడ్డి
గంజి ఎండినట్టు పొరకట్టింది.
గాలి గడపదాకా వచ్చి
నిలబడి
తిరిగిపోయేది.

పెద్దాసుపత్రిలో పందొమ్మిది రోజులున్నాడట.
ముఠాలో తొమ్మిదిమంది,
ఇప్పుడు ఆరుగురం, అన్నాడు
డిసెంబరులో మళ్లీ వచ్చినప్పుడు.
కోటు లేని నన్ను గుర్తుపట్టలేదు.
గొంతు విని, "షాహీనమ్మా నువ్వేనా,
ఇంత చిన్నపిల్లవా" అన్నాడు.
మోత మానేశాడు. చుట్టుగుంట వైపు గోడౌన్లో
దబ్బనం పట్టి టిక్కీల మూతులు కుడుతున్నాడు.

తెల్లదనం చాలావరకు పోయింది.
కొన్ని పొట్టివి ఎక్కడో బతికి
పని మొదలుపెట్టాయి కాబోలు.
అవి అందుకోలేని అడుగుభాగంలో మాత్రం
పురికొస లాగినట్టు గీతలు.

తెర చూపించకూడదు. చూపించాను.
చాలాసేపు చూశాడు, తన పనివాడి చూపుతో.
"బిగించి కుట్టార్లే.
కాయ కారదు.
గాలాడదు మరి, అంత బిగిస్తే."

ఇంకో రెండు బొమ్మలు మిగిలాయి.
పీల్చండి, అంది మిషను. బిగపట్టండి.
నాలుగు. అయిదు. ఆరు.
అది వదలండి అనకముందే
వదిలేశాడు.
బొమ్మ అంచు కాస్త చెదిరింది.
మళ్లీ తీయలేదు.