మడ్గార్డు కింద

మిర్యాలగూడ మార్కెట్ యార్డుల
పాత ట్రాక్టర్లను నిలవెట్టిన్రంటే
కంది చేన్ల పని ఇడిసిపెట్టి వొయిన.
నవ్వకున్రి,
సుట్టాలను సూడవొయినట్టే వొయిన.

వడ్ల రాశులు పోసే రేకుల షెడ్డు కింద
పదకొండు బండ్లు, మెడల బంతిపూల దండలు.
నీలపుదొకటి, ముక్కు పొడుగుదొకటి,
బురదల దిగే ఇనుప చక్రాల బండొకటి,
పక్కన పల్లికాయ ఒలిచే మిషిను,
పొట్టేలు లెక్క ముడుసుకున్న ఆయిలింజను,
దాని మూతికి ఇంకా మసి.
ఆ మసి తుడవకుండ తెచ్చినోడెవడో
వాని కడుపు సల్లగుండ!
ఒక్కొక్కదాని ముందర ఎంతసేపు నిలవడ్డనో.
ఇనుమైతేంది,
అందం అందమే.

మూలకున్నది మాది.
మాదంటే పటేలుది.
అట్ట మీద ఆయన పేరే ఉన్నదట, కావలి పిలగాడు సదివిండు.
కాల్వ నీళ్లొచ్చిన నాలుగో ఏడు
మా ఊర్లెకు వచ్చిన మొదటి ట్రాక్టరు.
దాని గొంతు నాకెరుక:
పొద్దుగాల్ల దగ్గు, పగటీలి గుర్రు,
లోడెక్కినంక కడుపుల్నించి ఒక మూలుగు.
చీకట్ల రెండూర్ల అవతల మోగినా
అగో మనదే అని లేశి సద్ది కట్టుకునేదాన్ని.

కొత్తగ ఎర్రరంగేసిన్రు.
అసలు ఎరుపు గిది గాదు.
గది కల్లంల ఎండిన మిరపకాయ,
గిది పెండ్లి కార్డు.

ఎడమ దిక్కు మడ్గార్డు నా జాగ.
నాట్లకు వొయ్యేటప్పుడు టాలీల ఇరవై మంది,
ముఠా పెద్దను గనక నేను ముందర.
ఒక చేత్తోటి కడ్డీ,
ఒక చేతుల ఇనుప మొల.
పొద్దుగూకి దిగే ముందు
మడ్గార్డు లోపటి దిక్కు చెయ్యి వెట్టి
గీత.
దినానికొకటి.
సదువు రాదు, లెక్కన్న తప్పొద్దు గదా.
పటేలు పుస్తకంల మా దినాలు
ఎండకాలం కుంట లెక్క ఇంకిపొయ్యేటియి.

మోకాళ్లు వంగయి. సతికిలవడ్డ.
లోపటికి చెయ్యి దూర్చిన.
"ముట్టకవ్వా, రంగు అంటుతది" అని పిలగాడు.
అంటనియ్యి బిడ్డా.
నున్నగ నున్నగ వచ్చిన కొత్తరంగు
ఒక్క కాడ ఆగింది.
జానెడు జాగ, గరుకు.
వేళ్లకు తగిలినయ్,
పక్కపక్కన, దువ్వెన పండ్ల లెక్క.

నడుమ ఒకటి అడ్డం.
అది కూలి గాదు.
బాలమణికి నొప్పులొచ్చిన రాత్రి
వడ్లు దించి, టాలీల గడ్డేసి
దవాఖానకు తోల్తుంటే
వాగు దాటకముందే కేరుమన్నడు వాడు.
సైదులని పేరు వెట్టిన్రు,
ఇప్పటికీ టాలీ సైదులే.

ఇంకొకటి అరగీత.
సగమే ఎందుకు గీసిన్నో
ఎంత యాది జేసుకున్నా దొరుకలే.

రంగేసిన మదార్
ఎప్పుడొచ్చిండో ఎనక నిలవడ్డడు.
"గవి నీయేనా అవ్వా?
బండి మొత్తం గీకిన, మొత్తం కొట్టిన.
గాడికొచ్చి చెయ్యి ఆగింది.
ఎవలదో రాత లెక్క కొట్టింది.
రాత మీద రంగెట్ల కొడ్త?"
మరి బండోళ్లు ఏమనలేదా అన్న.
"గంత కిందికి ఎవలు వంగి సూస్తరవ్వా."

అప్పుడే మైకుల పిలిసిన్రు,
మొదటి బహుమతి దానికే.
పటేలు మన్మడు ఎక్కి తాళం తిప్పిండు.
రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకున్నది.
బంతిపూలు జలజల రాలినయ్.
ఎంత బాగ మోగుతున్నదో, పాడుగాను!

మదార్ నా చెవి కాడికొచ్చి
"ఎన్ని గీతలకు పైసలొచ్చినయవ్వా?" అన్నడు.
చెప్పిన.
ఆయనకు ఇనవడలే.
మల్ల చెప్పిన, గట్టిగ.
ఆ మోతల మాట్లాడుడు
నాకు కొత్తగాదు.